జలదోషము – జీవికాభయము: ఇబ్సెను 'ప్రజాశత్రువు' నాటక విమర్శనము

నార్వే దేశపు నాటకకర్త హెన్రిక్ ఇబ్సెను 1882వ సంవత్సరమున ప్రకటించిన 'ప్రజాశత్రువు' అను నాటకమునకు నూటనలువది యేండ్లకు పైబడి యొక్కటే వ్యాఖ్యానము నడచుచున్నది. సత్యవాది యగు వైద్యు డొకడు. సత్యము గిట్టని యూరొకటి. ఊరు వానిని వెలివేయుట, అతడు ఒంటరిగా నిలుచుట. ఇంతియే కథయని చదువరులు తలచుచున్నారు. 'ప్రేతములు' అను తన నాటకమునకు 1881లో గలిగిన దూషణమునకు బదులుగా కవి దీనిని వ్రాసెననుట ప్రసిద్ధము. కావున ఒంటరివాని పక్షమున వాదించు నీ వ్యాఖ్యానమునకు బలము లేకపోలేదు. అయినను నాటకము నైదవ యంకమునుండి వెనుకకు చదివినచో నందు వైద్యుడు గుర్తింపని రోగము మరియొకటి కానవచ్చును. నీటియందలి విషము మొదటిది, జీవిక పోవునన్న భయము రెండవది. మొదటిదానికి పరీక్షాపత్రము కలదు, రెండవదానికి లేదు. ఒకటి రెండవదానికి కాపుగా నుండుటయే యీ నాటకమునందలి మర్మము.

కథ యిది. సముద్రతీరమున నొక చిన్న పట్టణము. అచ్చట క్రొత్తగా వెలసిన స్నానశాలకు వేసవిలో రోగులు ఆరోగ్యార్థులై వచ్చుచుందురు. డాక్టరు స్టాక్మను ఆ స్నానశాలకు వైద్యాధికారి. అతని యన్న పీటరు పట్టణమునకు పురపాలకాధ్యక్షుడు, స్నానశాలాసంఘమునకును నతడే యధ్యక్షుడు. వెనుకటి వేసవిలో వచ్చినవారికి టైఫాయిడు జ్వరములును, జీర్ణకోశవ్యాధులును గలిగెను. వారు ఆ రోగములను దమవెంట దెచ్చుకొనిరని మొదట దలచిన వైద్యుడు, అనుమానము వీడక నీటిని విశ్వవిద్యాలయమునకు బంపి పరీక్ష చేయించెను. ఎగువలోయలోని తోళ్ల కార్ఖానాల మురుగు గొట్టములలో జేరుచున్నదని తేలెను. గొట్టములను మరింత యెగువనుండి వేయవలెనని వైద్యుడు మొదటనే చెప్పియుండెను. ఆ మాట వినక పల్లమున వేసిరి. ఆ కార్ఖానాలలో మిక్కిలి హేయమైనది వైద్యుని భార్యను బెంచిన తండ్రి మోర్టెన్ కీల్ అనువానిది.

పీటరు చెప్పు ప్రతివాదము సామాన్యమైనది కాదు. గొట్టములు మార్చుటకు రెండేండ్లు పట్టును. అంతవరకు స్నానశాలను మూయవలయును. ఇచ్చటి నీరు చెడినదన్న వార్త పొక్కినచో రోగులు పొరుగుపట్టణములకు బోవుదురు. వాటాదారులు మరి సొమ్ము పెట్టరు గావున నా భారము పురప్రజలపై బడును. ఈ మాట చెవిని బడగానే, అంతకుముందు వైద్యునకు బాసటగా నున్న ముద్రాపకుడు అస్లాక్సెను వెనుకకు దగ్గెను. ఇతడు ఇండ్లుగలవారి సంఘమునకు నాయకుడు, ప్రతిమాటకును 'మితము' అనువాడు. పత్రికాసంపాదకుడును వానివెంట నడచెను. నాలుగవ యంకమునందలి మహాసభ వైద్యుని ప్రజాశత్రువని తీర్మానించెను.

ఇచ్చట మొదటి యంకమునందలి చిన్న సంభాషణ నొకదానిని స్మరింపవలయును. స్నానశాల వచ్చినతరువాత నూరు పొందిన యభివృద్ధిని పీటరు కీర్తించుచుండును. ఇండ్లకును నేలలకును వెల పెరిగెనట. పనిలేనివారి సంఖ్య తగ్గెనని సంపాదకుడందించును. ఔను, అదియు నిజమే, అందువలన బీదల పోషణకై ధనికులు కట్టుచున్న పన్ను తేలికయైనదని పీటరు సంతోషించును. ప్రదర్శనములలో నీ మాటలు వడిగా దొర్లిపోవుచుండును. ఇబ్సెను చమత్కార మిందే యున్నది. పనిలేమి యనునది యీ నాటకమున నిట్లు పన్నుకట్టువారి లెక్కలో నొక పద్దుగా వచ్చును. పనిలేక పస్తున్నవాని నోట రాదు. స్నానశాల మూతవడినచో నీళ్లు మోయువారును, దుప్పట్లు ఉతుకువారును, గదు లద్దెకిచ్చు విధవలును రెండేండ్లు ఏమి తిని బ్రతుకవలయును? అన్నదమ్ములలో నే యొక్కడును ఈ ప్రశ్న నడుగడు. అన్న ఆ భయమును తన యాయుధముగా వాడుకొనును. తమ్ముడు దానిని పిరికితనమని తిట్టును.

ఐదవ యంకమున గవి యా భయమునకు రూప మిచ్చెను. అద్దములు పగిలిన గదిలో, రువ్విన రాళ్లు ప్రోగువడియుండగా, వరుసగా వార్తలు వచ్చును. ఇంటియజమాని యిల్లు ఖాళీచేయుమని చీటి పంపెను; వేరుగా జేయుటకు వానికి ధైర్యము చాలదట. కూతురు పేత్రాను బడినుండి తొలగించిరి. ప్రధానోపాధ్యాయురాలికి మనస్సు లేకున్నను నుత్తరములు మూడు రాగా ధైర్యము చాలలేదట. సభకు దన యింట జోటిచ్చిన నావికుడు హోర్‌స్టరు తన యోడను గోల్పోయెను. ఓడయజమాని మంచివాడే గాని వానికిని ధైర్యము లేదట. వైద్యుని యుద్యోగము తీసివేయు నుత్తరమును అన్నయే స్వయముగా దెచ్చి, తమకును మరియొక దారి తొక్కు ధైర్యము లేదని చెప్పును. ఆ వైద్యుని నెవ్వరును బిలువరాదను కాగిత మొకటి యింటింటికిని ద్రిప్పుచున్నారు. సంతకము చేయననుటకు నెవ్వనికి ధైర్యముండును? అద్దములు బిగించు పనివాడు సైతము వచ్చుటకు జంకుచున్నాడు.

ఒక్క క్రియను, ఒక్క నిషేధరూపమున, ఇన్ని నోళ్ల బలికించుట పునరుక్తి గాదు. ఇందు దుష్టుడని చెప్పదగినవా డొక్కడును లేడు. ప్రతివాడును తనకు బైవానివంక జూచి వణకుచున్నాడు. వానికి బైవాడును నట్లే. చివర నీ భయమునకు మూలపురుషు డెవడని వెదకినచో నెవ్వడును దొరకడు, 'ప్రజాభిప్రాయ'మను మాటయొక్కటి మిగులును. కొందరు విమర్శకులు దీనిని హాస్యమునకై కూర్చిన వరుసగా దలచిరి. దీనిని ప్రహసన మనవలెనో గంభీరనాటక మనవలెనో తనకు నిశ్చయము లేదని 1882లో ఇబ్సెనే తన ప్రకాశకునకు వ్రాసియుండుటచే నా తలపునకు నాధారము కలదు. నవ్వు వచ్చునది నిజమే. బడిపంతులమ్మ యుద్యోగము పోయినచోట నా నవ్వు ఎంతసేపు నిలుచునో వేరుగా జెప్ప నక్కరలేదు.

ఈ గొలుసునకు మన ప్రాచీనులు పేరు పెట్టియుండిరి. చరకసంహిత విమానస్థానమున మూడవ యధ్యాయము జనపదోద్ధ్వంసమును గూర్చినది. కాంపిల్యనగరమున గంగాతీరమందు బునర్వసు వాత్రేయుని శిష్యుడగు నగ్నివేశు డడిగిన ప్రశ్న మిక్కిలి సూక్ష్మమైనది: వేరువేరు ప్రకృతులు, వేరువేరు ఆహారములు, వయస్సులు గల జనులు ఏకకాలమున నొక్క వ్యాధిచే నెట్లు నశింతురు? వాయువు, జలము, దేశము, కాలము అను నాలుగును అందరికి సాధారణములు గావున నవి చెడినచో నందరును జెడుదురని గురువు బదులు చెప్పెను. ఇంతవరకు స్టాక్మనును చెప్పగలడు. ఆత్రేయుడచ్చట నాగలేదు. ఆ నాలుగింటి చెడుటకును మూల మధర్మమని, దేశమునకు నగరమునకు బ్రధానులైనవారు అధర్మమున బ్రవర్తింపగా వారి నాశ్రయించినవారును, ఆ యాశ్రితుల నాశ్రయించినవారును, పౌరులును, వ్యాపారముచే జీవించువారును దానిని మరింత పెంచుదురని చెప్పెను. జలదోషమును జెప్పు నధ్యాయమున ఆశ్రితోపాశ్రితుల ప్రసంగ మేలయని పాఠశాలలలో శంక గలుగుట కద్దు. ఇబ్సెను నైదవ యంకము ఆ శంకకు జక్కని సమాధానము. ఇంటియజమాని, ఓడయజమాని, ప్రధానోపాధ్యాయురాలు, అద్దములవాడు వీరందరును ఆశ్రితులును ఉపాశ్రితులును. వీరు నీటిలో విషము కలుపలేదు. కలిసిన విషము బయటికి బోకుండ వాకిట నిలిచియున్నారు. అదే సంహిత సూత్రస్థానమున నిరువదియైదవ యధ్యాయము, రోగములను బెంచువానిలో విషాదమును అగ్రస్థానమున నిలిపినది. నీటినిబట్టి వచ్చు రోగమును మనోవ్యథనుబట్టి పెరుగు రోగమును ఒక్క గ్రంథమే చెప్పినను, రెంటిని గూర్చి చదువుకొనుట చదువరి పని.

విషాదము శరీరమును దినుననుట కవిసమయము మాత్రము కాదు. లండనులోని ప్రభుత్వోద్యోగులు 10,308 మందిపై 1985లో నారంభమైన 'వైట్‌హాల్' రెండవ పరిశోధన కొనసాగుచుండగా, ఆ శాఖలలో నొకదానిని ప్రభుత్వము ప్రైవేటువారికి విక్రయింప నెంచెను. ఆ శాఖవారి యారోగ్యము, ఉద్యోగములు పోకమునుపే, పోవునేమో యన్న కాలమునందే, ఇతర శాఖలవారితో బోల్చిచూడగా దిగజారెనని 1995లో బ్రకటింపబడినది. పోయిన యుద్యోగమునకు దుఃఖ మొకసారి. పోనున్న యుద్యోగమునకు బ్రతిదినము. ఇబ్సెను పట్టణమున నీటివలన గలిగిన జ్వరములను లెక్కించువాడు గలడు, ఈ రెండవదానిని లెక్కించువాడు లేడు.

ఇక నాటకమునందలి లోపము చెప్పవలసియున్నది. నాలుగవ యంకమున వైద్యుడు నీటిమాట వదలి సంఖ్యాబలము నెత్తిపొడుచును. అధికసంఖ్యాకు లెన్నడును సత్యపక్షమున నుండరట. మేలుజాతి కుక్కకును వీథికుక్కకును గల భేదమువంటిది మనుష్యులలోను గలదట. ఈ యుపన్యాసమును సమర్థించుటకు బలువురు శ్రమపడిరి. దీనిని వీరవాక్యమని మెచ్చుటకంటె, వైద్యుని వృత్తిభంగమని చెప్పుట న్యాయము. రోగనిదానము చేయవలసినవాడు రోగిని తిట్టుచున్నాడు. సభలో గూడినవారి భయము వానికి నీచత్వముగా గనబడుచున్నదేకాని లక్షణముగా గనబడదు. గొట్టములు మార్చు రెండేండ్లకు జనులకు గూడెట్లు గడచునో చెప్పగల యుపాయము నొకదానిని అచ్చట వినిపించియున్నచో నస్లాక్సెనునకు సభలో నంత వశమయ్యెడిది గాదు. కవి యది తెలియనివాడు కాడు. కానీ తోళ్ల కార్ఖానాలో బనిచేయువాడుగాని, స్నానశాలలో జ్వరము దగిలినవాడుగాని నాటకమున రంగస్థలముపైకి రాడు. విషమునకు గురియైనవాడు లేక విషముపై వాదము నడచినది. బొహీమియా దేశమున టెప్లిట్స్ అను స్నానపట్టణమున 1830 ప్రాంతముల గలరా సోకినదని చెప్పిన వైద్యుని యింటిపై జనులు రాళ్లు రువ్విరన్న కథ కవి విన్నదే. అందును రాళ్లు రువ్వినవారి సంపాదన యంతయు నా వేసవి రోగులమీదనే యుండెను.

సత్యజిత్ రాయ్ 1989లో నీ నాటకమును 'గణశత్రు' అను చలనచిత్రముగా వంగదేశమునకు మార్చెను. స్నానశాల యచ్చట దేవాలయమైనది, చెడిన నీరు చరణామృతమైనది. మార్పు తెలివిగలదే. కాని తీర్థముపై భక్తి వచ్చి జీవికాభయమును మరుగుపరచుటచే, ఇబ్సెను నాటకమున గొంతయైన గనబడిన గొలుసు ఇందు సన్నగిల్లినది. చివర వైద్యునకు యువకులు జయము పలుకుట ప్రేక్షకునకు దృప్తి నిచ్చును.

ఇబ్సెను రంగమునకు దేనివారిని గ్రంథములోనికి దెచ్చినది జపాను రచయిత్రి ఇషిమురె మిచికో. ఆమె 1927లో బుట్టి 2018లో గతించెను. మినమాత పట్టణమున బెరిగిన యీ గృహిణి 1969లో 'కుగై జోదో' అను గ్రంథమును బ్రకటించెను. దుఃఖసాగరమే మాకు సుఖావతి యని దాని నామమునకు దాత్పర్యము. ఆ పట్టణపు చరిత్ర ఇబ్సెను కథకు బెద్ద యచ్చువలె నున్నది. అచ్చటి రసాయన కర్మాగారము 1932నుండి ఎసిటాల్డిహైడు తయారుచేయుచు, పాదరసము గలిసిన మురుగును సముద్రఖాతమున విడుచుచుండెను. చేపలు తిన్న జాలరుల చేతులు తిమ్మిరెక్కెను, మాట ముద్దకట్టెను, చూపు కుంచించుకొనెను. తల్లిగర్భముననే శిశువులకు విషము సోకెను. కర్మాగారపు ఆసుపత్రికి బెద్దయగు డాక్టరు హొసొకావా 1956 మే 1వ తేదీన నీ యపరిచితవ్యాధిని అధికారులకు దెలిపెను. సేంద్రియ పాదరసమే కారణమని కుమమోతొ విశ్వవిద్యాలయమువారు 1959 జూలైలో జెప్పిరి.

ఆ యేటి నవంబరులో జరిగినది నాటకమునందలి నాలుగవ యంకమే. జాలరులు కర్మాగారముమీదికి దండెత్తిన కొలదిదినములకు, పట్టణాధ్యక్షుడు, పురపాలకసభ్యులు, వర్తకసంఘము, కార్మికసంఘములు ఒక్కటై రాష్ట్రాధిపతి యొద్దకు బోయి, మురుగును నిలిపినచో బట్టణమే నిలిచిపోవునని, నిలుపరాదని వేడుకొనిరి. పట్టణమున గర్మాగారముకంటె బెద్ద యాశ్రయము లేదు. ఇచ్చట కార్మికులు సైతము జాలరులకు ఎదురునిలిచిరి. ఇరువురును బీదలే, పలువు రొక్క వీథివారే. స్టాక్మను వీరినిగూడ గుక్కలతో బోల్చియుండును. ఇషిమురె యట్లు పోల్చదు. ఆమె గ్రంథమున జాలరి పడుచు తన భర్తతోగూడ బడవ నడపిన నాటి సముద్రమును, చేపల రుచిని, అలల రంగును మినమాత మాండలికమున జెప్పుకొనుచుండగా, చదువరికి బోయినదేమో మొదట దెలియును, రోగము తరువాత దెలియును. రోగులు పలికినదానిని పలికినట్లు వ్రాయలేదని, వారి మనస్సున నున్నదని తాను దలచినది వ్రాసెనని తెలిసినప్పుడు కొందరు నొసలు చిట్లించిరి. నివేదికగా జదువువారికి దోషమే. కావ్యముగా జదువువారికి గాదు. మాట పోయినవాని మాట వ్రాయుటకు వేరు మార్గమేది? ఈ గ్రంథమునకు 1970లో వచ్చిన సాహిత్యపురస్కారము నామె నిరాకరించెను.

జీవికాభయము ఎంతవరకు గళమును బట్టునో ఆ కార్మికసంఘపు చరిత్రయే చూపుచున్నది. 1962, 63 సంవత్సరములలో జీతముల విషయమై దీర్ఘమైన సమ్మె జరిగి సంఘము రెండుగా జీలెను. సమ్మెపక్షమున నిలిచిన మొదటి సంఘమువారు పనిస్థలమున బలువిధముల బాధలు పడిరి. తాము గూడ యజమానిచే బాధితులమని యెరిగిన యా పాత సంఘమే 1968 ఆగష్టులో, మినమాత రోగులకై యింతవరకు దాము పోరాడకపోవుట తమకు సిగ్గుచేటని తీర్మానించి ప్రకటించినది. ప్రభుత్వము కర్మాగారపు మురుగే కారణమని యంగీకరించినది ఆ మరుసటి నెలలో. పండ్రెండేండ్లు గడచినవి. కుమమోతొ న్యాయస్థానము 1973 మార్చిలో రోగులకు అనుకూలముగా దీర్పు చెప్పి, 1959 డిసెంబరులో వారిచేత వ్రాయించుకొన్న కొద్దిపాటి సానుభూతిధనపు ఒడంబడికను నీతివిరుద్ధమని కొట్టివేసెను. వ్యాధిగ్రస్తులుగా నధికారముద్ర పడినవారే రెండువేల రెండువందలకు బైబడిరి.

హొసొకావా వైద్యుని గూర్చి చెప్పక విడువరాదు. కర్మాగారపు మురుగును దిండిలో గలిపి 1959లో నతడు పిల్లులకు బెట్టెను. నాలుగువందలవ పిల్లికి ఆ రోగమే వచ్చెను. ఆ సంగతి యజమానులకు జెప్పగా, ప్రయోగము సాగింపవలదని, ఫలితము బయటికి బోరాదని నిర్ణయమైనది. అతడు వారి జీతగాడు. మౌనము వహించెను. 1970లో, మరణమునకు గొలదినెలల ముందు, రోగశయ్యనుండి న్యాయస్థానమునకు సాక్ష్యమిచ్చి యా పిల్లికథను వెల్లడించెను. స్టాక్మను నొకదినమున బలికినది పలుకుటకు ఇతనికి బదునొకండేండ్లు పట్టెను. ఇందువలన నితడు తక్కువవాడని తీర్పు చెప్పువారు ఐదవ యంకమును సరిగా జదువనివారు.

ఏలయన స్టాక్మనును ఒక్క క్షణ మా గొలుసున జిక్కుకొనినాడు. మోర్టెన్ కీల్ తన పెంపుడుకూతునకును, ఆమె బిడ్డలకును విడువదలచిన సొమ్ముతో నా ప్రాతఃకాలమున స్నానశాల వాటాలు కొని తెచ్చును. నీరు చెడినదని యల్లుడు పట్టుబట్టినచో భార్యాబిడ్డల సొత్తు పోవును. రెండుగంటలలోపల బదులు కావలెను. అంతవరకు సింహమువలె గర్జించిన వైద్యుడు గదిలో నిటునటు దిరుగుచు, ఆ నీటికి విరుగుడేదైన శాస్త్రమున దొరకదా యని, తాను పొరబడియుండవచ్చునేమో యని గొణుగుకొనును. భార్యతో మాటలాడవలెననును. ఉపన్యాసములను గంఠస్థము చేసినవారు ఈ గొణుగుడును విడిచిపెట్టుచున్నారు. నటులు గూడ దీనిని ద్వరగా దాటింతురు. నాటకమున గల జనులందరికి బట్టిన జ్వరము వైద్యునకును బట్టినది ఇచ్చటనే. తరువాత నతడు తన పేరుగల చీటిపై 'కాదు' అని మూడుమారులు పెద్ద యక్షరములతో వ్రాసి పంపును. ఒకమారు వ్రాసిన జాలునుగదా. మిగిలిన రెండును దనకొరకే వ్రాసికొన్నట్లున్నవి.